రంగు అంటని పెళ్ళికూతురు

వేడినీళ్ళలో ఉడుకుతున్న ప్లాస్టిక్ బొమ్మ వాసన ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే, ఇప్పుడు తెలుసుకోనక్కర్లేదు. కొత్త షవర్ కర్టెన్‌కీ పాత రబ్బరు చెప్పులకీ కలిపి పోపు పెడితే వచ్చే వాసన అది. ఇన్నేళ్ళు గడిచినా, ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీసేసరికి అది ముక్కుకి తగులుతుంది. మా ఆయన దాన్ని కొత్త కారు వాసన అని మురిసిపోతారు. నాకది మా అమ్మాయి బొమ్మ తలకాయ వాసన.

ఎనభైల మొదట్లో మేము మిషిగన్‌లో, నోవై అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కార్ల కంపెనీలో పెయింట్ విభాగంలో ఇంజనీరు. నేను రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ, అందులోనూ అద్దకపు రంగులు నా ప్రత్యేక విషయం. వీసా కాగితాల పుణ్యమా అని ఉద్యోగం లేదు. పెళ్ళయ్యాక రసాయనం నాకు రెండు ముక్కలైంది: రసం, ఆయన. పొద్దున అది కాచడం, సాయంత్రం ఈయన కోసం కాచుకుని కూర్చోవడం. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ మాట చెప్పి నవ్వించేదాన్ని. నాలుగో ఇంటికి వచ్చేసరికి మా ఆయనే నాకన్నా ముందు చెప్పేసేవారు.

అందుకే నా చదువుతో పని పడిందనగానే ఎగిరి గంతేశాను. ఎక్కడ పడతానో చూసుకోలేదు.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు, రెండో తరగతి. మంచు కరిగి చెట్లు చిగురిస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం స్కూలు బస్సు దిగి, సంచీ కింద పెట్టకుండానే అడిగింది.

"అమ్మా, నా కలర్ ఊడిపోతుందా?"

"ఏ కలరే?"

"నా కలర్. బస్‌లో షీ లిక్‌డ్ హర్ ఫింగర్, ఇక్కడ రుద్దింది." మోచేతి కింద చూపించింది. "దెన్ తన ఫింగర్ చూసుకుంది."

'షీ' అంటే పక్కింటి తెల్లవాళ్ళ పిల్ల. మా అమ్మాయి ఈడుదే. రోజూ బస్సులో పక్కపక్కనే కూర్చునే స్నేహితురాలు. చెడ్డపిల్ల కాదు. అదే కష్టం. చెడ్డపిల్లయితే తిట్టుకోవడం సులువు.

"ఏమైనా అందా?"

"నో. జస్ట్ 'హుఁ' అంది."

అప్పుడు మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. మచిలీపట్నం నుంచి ఆరునెలలకని వచ్చి, సగం రోజులు కిటికీలోంచి మంచుని, మిగతా సగం రోజులు నన్ను చూస్తూ గడిపారు. ఈ మాట వినగానే కుర్చీలోంచి లేచారు.

"ఎంగిలివేలా? ఛీ ఛీ! ముందు దానికి స్నానం చేయించవే."

ఆవిడ దృష్టిలో జరిగిన ఘోరం ఎంగిలి. మా ఆయన దృష్టిలో అసలు ఘోరమే లేదు, చిన్నపిల్లల కుతూహలం. నాకు మాత్రం ఆ వేలు నా గుండె మీద రుద్దినట్టుంది. అమ్మాయి మర్నాటి నుంచి నిండు చేతుల చొక్కాలే వేసుకుంది. ఎండలు ముదిరి మిగతా పిల్లలు నిక్కర్లలోకి దిగుతుంటే, ఇది కఫులు వేళ్ళదాకా లాక్కుని బస్సెక్కేది.

ఆ వారమే అత్తగారు, ఇంట్లో శుభకార్యం అనే మాట వినపడి ఎన్నాళ్ళయిందో అని నిట్టూర్చి, వైశాఖం వెళ్ళిపోకుండా బొమ్మల పెళ్ళి చేద్దామని తీర్మానించారు. మేము ఆడపెళ్ళివారం. ఇరవై నిమిషాల దూరంలో ఉండే నా స్నేహితురాలు, కొడుకు బొమ్మ సిపాయిని పెళ్ళికొడుకుగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మూడు వారాల తర్వాత శనివారం ముహూర్తం. పక్కింటి పిల్లని మా అమ్మాయే వెళ్ళి పిలిచి వచ్చింది.

తర్వాత తన బొమ్మని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పొడుగు కాళ్ళు, బంగారురంగు జుట్టు, గులాబీరంగు ఒళ్ళు. రెండేళ్ళుగా దాని పక్కనే పడుకునేది.

"బ్రైడ్ నా కలర్ ఉండాలి అమ్మా. అండ్, కలర్ రాకూడదు. ఎవరు రుద్దినా రాకూడదు. ప్రామిస్?"

ఎవరు రుద్దుతారని అది అనుకుంటోందో అడగనక్కర్లేదు.

"ప్రామిస్," అన్నాను. ఎమ్మెస్సీ కదా.

కిరాణా కొట్టులో బట్టలకి వేసే గోధుమరంగు డై పొడి ఒక డబ్బా తెచ్చాను. డబ్బా మీద నూలు, పట్టు, నైలాన్ అని రాసి ఉంది. ప్లాస్టిక్ అని లేదు. రాయలేదంటే కూడదని కాదు కదా అని నా తర్కం. పప్పు వండే పెద్దగిన్నెలో నీళ్ళు మరిగించి, పొడి వేసి, గుప్పెడు ఉప్పు వేసి, బొమ్మని నిలువునా దింపాను. కడగలేదు. విడదీయలేదు. ఎక్కడా మచ్చు చూడలేదు. మూతపెట్టి, మంట తగ్గించి, బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్ళాను. వంటకి అలవాటుపడ్డ చేతికి అది వంటలాగే తోచింది.

ఆఫీసునుంచి వచ్చిన మా ఆయన ఆకలిగా మూత ఎత్తారు. పొడుగ్గా ఒక కాలు తేలుతోంది.

"ఏమోయ్, ఇవాళ ములక్కాడల చారా?"

గరిట తీసుకుని కదిపేసరికి బొమ్మ తిరగబడింది. ముఖం పైకి లేచి, నీలికళ్ళతో ఆయన్ని చూసింది. ఆయన, ఎవరో స్నానం చేస్తుంటే తలుపు తీసినవాడిలా, ఎంతో మర్యాదగా మూత మళ్ళీ పెట్టేసి వెనక్కి తగ్గారు. ఆ రాత్రి చారు తినలేదు.

బయటికి తీశాక చూశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా వేళ్ళు చొక్కాకి తుడుచుకోవాలనిపిస్తోంది. కాళ్ళూ చేతులూ తలా మెత్తటి ప్లాస్టిక్. అవి రంగు తాగేశాయి, అదీ చోటొక తీరున. మొండెం గట్టి ప్లాస్టిక్. అది చుక్క రంగు ముట్టలేదు, గులాబీగానే ఉండిపోయింది. నీళ్ళపైన తేలినంత మేర ముఖం ఒక చెంప గులాబీగానే మిగిలి, వరద తగ్గాక గోడ మీద మిగిలే గీతలా ముక్కు మీదుగా అడ్డంగా ఒక చార. మా అమ్మాయి రెండేళ్ళుగా పట్టుకుని తిరిగిన చోటల్లా చేతిజిడ్డుకి రంగు అంటక గజ్జిలా మచ్చలు. బంగారురంగు జుట్టు నాచురంగుకి తిరిగింది. బురదచెరువులోంచి పైకి తీసినట్టుంది.

అంతటితో అయితే బాగుండును. కాగితం తువ్వాలు మీద పెడితే మెడ కీలులోంచి, తుంటి కీళ్ళలోంచి గోధుమరంగు నీళ్ళు కారడం మొదలైంది. బోలు బొమ్మ కదా, కడుపునిండా తాగింది. తల నొక్కితే గొంతులోంచి బుడబుడమని నురగతో వచ్చింది. తుడిచాను. మళ్ళీ కారింది. రాత్రంతా కారి, తెల్లారేసరికి తువ్వాలు దాటి, వంటింటి తెల్లగట్టు మీద మనిషాకారంలో మరక కట్టింది. బ్లీచ్ పోసి రుద్దినా ఆ మరక ఆ ఇల్లు అమ్మేదాకా నన్ను వదల్లేదు.

అయినా బుద్ధి రాలేదు. చారలు తుడిచేద్దామని నెయిల్ పాలిష్ రిమూవర్ ముంచిన దూదితో రుద్దాను. కాళ్ళ మీద రంగు కదల్లేదు గానీ, మొండెం కరిగింది. పనసపండు బంకలా జిగటగా దూదికి అంటుకుని తీగలు సాగింది. పట్టుకున్న నా వేళ్ళు అందులో దిగబడ్డాయి. లాక్కుంటే బొమ్మ నడుము మీద నా వేలిముద్రలు అయిదూ స్పష్టంగా మిగిలాయి. పోలీసులకి పని తగ్గించాను. ముక్కు మండే ఆ ఘాటు, వేళ్ళకి పట్టిన ఆ జిడ్డు, దూదిపోగులు మొలిచిన ఆ నడుము.

"ఛీ! చూస్తేనే రోత!" అని దాన్ని తీసి చెత్తబుట్టలోకి విసిరాను.

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది.

"కానీ అమ్మా," అంది మెల్లగా, "షీ ఈజ్ మై కలర్ నౌ."

"అది కాదురా..."

"నువ్వు ఛీ అన్నావు."

చెత్తబుట్టలో చెయ్యి పెట్టి, కాఫీపొడి, కరివేపాకు రెబ్బలు అంటుకున్న బొమ్మని బయటికి తీసింది. తన తెల్ల మేజోడు ఒకటి విప్పి దాని ముఖం తుడిచింది. మేజోడుకి గోధుమరంగు అంటింది. దానివంక చాలాసేపు చూసింది.

"ఇట్ కమ్స్ ఆఫ్," అని, బొమ్మని గట్టు మీద పెట్టి, కఫులు వేళ్ళమీదికి లాక్కుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

ప్లాస్టిక్ మీద పుట్టిన రోత అంతా అప్పుడు దారి మార్చుకుని నా మీదికి వచ్చింది. బస్సులో పక్కింటి పిల్ల 'హుఁ' అంది. ఇంట్లో కన్నతల్లి 'ఛీ' అంది. రెంటిలో ఏది ఎక్కువ మరకో చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. వంటింట్లో నిలబడి, చేతికంటిన జిగట సబ్బుతో, ఉప్పుతో, నూనెతో రుద్దుకుంటూనే ఉన్నాను. అది నూనెకి వదిలింది. ఆ మాట దేనికీ వదల్లేదు.

అత్తగారు ఇదంతా చూశారు. నేను తిట్లకి సిద్ధమయ్యాను. ఆవిడ ముందు గిన్నె వంక చూశారు.

"ఇక ఆ గిన్నె పారెయ్. అందులో వండితే నేను ముట్టను. అది సరే. ఇటు రా అమ్మాయ్. ఏదైనా రంగుచీర కొంటే మొదట ఏం చేస్తావ్?"

"ఉప్పునీళ్ళలో నానబెడతాను అత్తయ్యా."

"ఎందుకు?"

"రంగు దిగిపోతుందేమోనని."

"ఎక్కడ చూస్తావ్?"

"కొంగు చివర ఒక మూల తడిపి, తెల్లగుడ్డకేసి."

"మరి పిల్ల బొమ్మని తెచ్చిస్తే మూలా లేదు, చివరా లేదు, నిలువునా మరిగే నీళ్ళలో దింపావా? పోయే రంగుని కట్టకముందే పోగొట్టాలి. కట్టాక ఏడిస్తే ఏం లాభం? మా పినతల్లి పెళ్ళిలో కొత్త ఎర్రచీర తడపకుండా కట్టారు. చెమటకి వీపంతా ఎర్రబారితే మగపెళ్ళివారు దద్దుర్లనుకుని లేచి నిలబడ్డారు. మీ కాలేజీలో ఇవి చెప్పరూ?"

చెప్పారు. ఒక పేపరంతా అదే. అందులో నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

ముహూర్తానికి ఇంకా పదహారు రోజులున్నాయి. మా ఆయన తన వంతుగా ఆఫీసునుంచి కారు పెయింటు ఒక చిన్నడబ్బా తెచ్చారు.

"ఎండకీ వానకీ రోడ్డు మీద చల్లే ఉప్పుకీ చెక్కుచెదరదు తెలుసా," అన్నారు.

ఈసారి నేను గంతెయ్యలేదు. వాడిన సామాన్లు ఇంటిముందు పెట్టి అమ్మే గరాజ్ సేల్‌లో చిల్లరకి దొరికిన ఒంటికాలి బొమ్మ ఒకటి తెచ్చి, ముందు దాని మీద చూశాను. పూసినప్పుడు అద్దంలా మెరిసింది. ఆరాక మోకాలు వంచితే ఎండిన చెరువులా పగుళ్ళిచ్చి పెచ్చులూడింది.

"కారుకి మోకాళ్ళుండవుగా," అని ఆయన డబ్బా పట్టుకుని వెళ్ళిపోయారు.

అసలు బొమ్మని మెడదాకా వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక తల ఊడదీశాను. ప్లాస్టిక్ సర్జరీ అనే మాటకి అంతకన్నా సరైన అర్థం నాకు తెలియదు. పచ్చిగా చెప్పాలంటే, చేతిలో వెచ్చగా మెత్తగా ఉన్న ఆ తల లోపల నాచు పట్టిన బావిలా ఉంది. ముక్కు బిగబట్టి, సీసాలు కడిగే బ్రష్‌తో లోపలంతా తోమాను. కాళ్ళూ చేతులూ విడదీసి గిన్నెసబ్బు కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాను. మొదటి నీళ్ళు చారులా, రెండోవి టీలా, తర్వాత పల్చటి మజ్జిగతేటలా దిగాయి. ఏడో నీళ్ళో ఎనిమిదో నీళ్ళో తేటగా వచ్చేదాకా వదల్లేదు. మచ్చలు చాలావరకు లేతబడ్డాయి.

మళ్ళీ రంగు వేయడానికి గరాజ్ సేల్‌లోనే ఒక గిన్నె కొన్నాను. వంటిల్లు దాని ముఖం చూడకుండా అత్తగారు దాని మీద నా నెయిల్ పాలిష్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టారు. బేస్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ పొయ్యి మీద, మరగనివ్వకుండా, చెయ్యి పెట్టలేనంత వేడిలో ఉంచాను. ముక్కలు తేలకుండా ఒక్కొక్కదానికి చెంచా కట్టాను. మెడరంధ్రంలో రబ్బరు బిరడా బిగించాను, లోపలికి చుక్క వెళ్ళకుండా. ముందు ఒక అరికాలు మాత్రం ముంచి, ఆరబెట్టి, అమ్మాయి చేతిపక్కన పెట్టి చూద్దామనుకున్నాను. అమ్మాయిని పిలవాలి.

అప్పటికి అది నాతో అవసరానికే మాట్లాడుతోంది. పాలు, హోంవర్క్, గుడ్ నైట్. బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని దూరంగా చూసింది.

"ఒకసారి చెయ్యి చూపిస్తావా? రంగు సరిపోయిందో లేదో చూడాలి."

కఫు కొద్దిగా, అంగుళం మేర, వెనక్కి లాగింది. అరికాలు దాని మణికట్టు పక్కన పెట్టాను.

"టూ రెడ్," అంది.

నిజమే. ఎరుపెక్కువైంది. గిన్నెలో చిటికెడు నల్లరంగు వేసి, మళ్ళీ ముంచి తీశాను.

"క్లోజ్," అంది. ఇంకోసారి.

"దట్స్ మీ."

అన్నీ ముంచి తీసి, చన్నీళ్ళలో కడిగి, తెల్లటి పాతచీర ముక్కలో చుట్టి, ఆరబెట్టాను. ఆరడమంటే ఒక పూట కాదు, రోజులు. మా ఆయన తెల్లరుమాలు ఒకటి అమ్మాయికిచ్చి చెప్పాను:

"రోజూ సాయంత్రం నువ్వే రుద్ది చూడాలి. నువ్వు ఓకే అనేదాకా దీనికి పెళ్ళి లేదు."

అప్పటినుంచి అది స్కూలునుంచి రాగానే రుమాలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగేది. మొదటిరోజు రుమాలు మీద గోధుమరంగు గీత. మళ్ళీ కడిగాను. రెండోరోజు లేత గీత. మళ్ళీ కడిగాను. నాలుగోరోజు కళ్ళు చికిలిస్తేగానీ కనపడని నీడ.

"స్టిల్," అని తల అడ్డంగా ఊపేది, ఏ పరీక్షాధికారిలోనూ నేను చూడని కాఠిన్యంతో.

ఆరోరోజు అది పైకి రాకపోతే మెట్ల మీంచి తొంగిచూశాను. బొమ్మ కాలిని నాలుగువైపులా రుద్ది, రుమాలు దీపం కింద పెట్టి చూసింది. ఏమీ లేదు. తర్వాత అటూ ఇటూ చూసి, చొక్కా చెయ్యి మోచేయిదాకా మడిచి, అదే రుమాలుతో తన చేతిని రుద్దుకుంది. బలంగా. తీసి దీపం కింద పెట్టి చూసింది.

నేను మెట్లు దిగి, దాని పక్కన నేలమీద కూర్చుని నా చెయ్యి చాపాను.

"నాది కూడా చూడు."

నా చెయ్యి పట్టుకుని ఎర్రబడేదాకా రుద్దింది. రుమాలు చూసింది.

"నీది కూడా రావట్లేదు."

"నేను ఛీ అన్నది రంగుని కాదురా. నా పనిని. పాడుచేసింది నేను కదా."

"ఐ నో." రుమాలు మడతపెట్టింది. "బట్ దాని ఫేస్ చూసి అన్నావు."

ఇంతలో గోడ పట్టుకుని మెట్లు దిగుతూ వచ్చిన అత్తగారు, ఏం జరుగుతోందో పూర్తిగా తెలుసుకోకుండానే తన ముడతల చెయ్యి కూడా మా మధ్యకి చాపారు.

"నాదీ చూడవే బంగారూ. డెబ్భై ఏళ్ళుగా సున్నిపిండి పెట్టి తోముతున్నా. పోతుందేమో నువ్వైనా చూడు."

అమ్మాయి రుద్దింది. రుమాలు ఎత్తి మా ఇద్దరికీ చూపించి, ఆ రెండు వారాల్లో మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది.

"నాన్నమ్మా, పాస్!"

బట్టల విషయంలో ఈసారి నేనే అనుమానపు పక్షినయ్యాను. పెళ్ళిచీరకి నా పెళ్ళిచీరతో వచ్చిన ఎర్రపట్టు రవికగుడ్డ తీశాను. ఆ చీర అత్తగారు పెట్టిందే. గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి ముంచేసరికి నీళ్ళు దానిమ్మరసంలా అయ్యాయి.

"అత్తయ్యా, ఈ రంగు పోతుందని తెలిసే పెట్టారా?"

"కొనేటప్పుడు కొట్టువాడు గ్యారంటీ అన్నాడే. నిన్ను చేసుకునేటప్పుడు మీ నాన్న కూడా అలాగే అన్నాడు. ఏం చేస్తాం."

ఎరుపు దిగడం ఆగేదాకా నీళ్ళు మార్చాను. అయినా నమ్మలేదు. మెత్తటి ప్లాస్టిక్ పక్కన ముదురురంగు గుడ్డ కొన్నాళ్ళుంటే, తడి లేకపోయినా రంగు మెల్లగా దానిలోకి పాకుతుంది. ఒకసారి పాకాక కడుగుడు లేదు, తుడుపు లేదు. అందుకని లోపల తెల్లటి లోలంగా, మెడదాకా తెల్లటి అస్తరు వేసి కుట్టాను. నా వేలిముద్రలున్న ఆ గులాబీ మొండెం కనపడకుండా, పెద్దవాళ్ళు తొడుక్కునే తీరులో నడుందాకా దిగే రవిక. నాచురంగు జుట్టు సంగతి అత్తగారు చూసుకున్నారు. నల్ల ఊలుదారం తెచ్చి, ముందు దాన్నీ ఉతికించి, తెల్లగుడ్డకేసి రుద్దించి, సవరం అల్లి పూలజడ కట్టారు.

శనివారం వచ్చింది. పెళ్ళికొడుకు ఆకుపచ్చ ఒళ్ళంతా అచ్చుపోసిన యూనిఫారమే. దాని మీద పంచె చుట్టారు. పెళ్ళికూతురి మోకాళ్ళదాకా వచ్చాడు. తుపాకీ చేతిలోంచి ఊడదు కనుక దానికి పూలు చుట్టి కర్ర అన్నారు. "అల్లుడు పొట్టివాడైనా ఉద్యోగస్తుడు" అని మా ఆయన సర్దిచెప్పారు. పక్కింటి పిల్ల గులాబీరంగు గౌనులో వచ్చి ముందువరసలో బాసింపట్టు వెయ్యబోయి, రాక, మోకాళ్ళ మీద కూర్చుంది.

పెళ్ళికూతుర్ని మా అమ్మాయే ఎత్తుకుని తెచ్చింది. నిండు చేతుల పరికిణీ జాకెట్టు, కఫులు వేళ్ళదాకా. దాని కళ్ళు బొమ్మ మీద లేవు. పక్కింటి పిల్ల వేళ్ళ మీద ఉన్నాయి. నావీ అక్కడే ఉన్నాయి.

పీట మీద కూర్చోబెట్టారు. పక్కింటి పిల్ల ముందుకి వంగింది. మేమిద్దరం ఎదురుచూసినట్టే చూపుడువేలు నోట్లో పెట్టుకుని తడిచేసింది.

"ఎంగిలి! ఎంగిలివేలుతో పెళ్ళికూతుర్ని ముట్టుకుంటుందేమిటే ఈ పిల్ల!" అని అత్తగారు గుండెలు బాదుకునేలోపల ఆ వేలు బొమ్మ కాలి మీద పడింది. రుద్దింది. రెండుసార్లు. తర్వాత వేలు ఎత్తి చూసుకుంది.

వేలికి రంగు అంటింది.

అన్ని నీళ్ళు, అన్ని రోజులు, ఆ రుమాలు. అమ్మాయి ముఖంలో నెత్తురు లేదు. అప్పుడు చూశాను, వేలి మీద ఉన్నది గోధుమరంగు కాదు. పసుపు. మంగళసూత్రం నేను వెతుకుతున్న అయిదు నిమిషాల్లో అత్తగారు పెళ్ళికూతురి కాళ్ళకి నిండా పసుపు రాసి పారాణి కూడా దిద్దారు. ప్రపంచంలోని రంగులన్నిటికీ కాపలా కాసిన నేను వంటింటి డబ్బాలో ఉన్నదాన్ని మరిచిపోయాను. పసుపంటే మాకు రంగు కాదుగా, పసుపు.

"ఇట్ కేమ్ ఆఫ్!" అంది పక్కింటి పిల్ల.

మా అమ్మాయి ఆ వేలిని పట్టుకుని దగ్గరగా చూసింది. చూసి, ఊపిరి వదిలింది.

"దట్స్ నాట్ హర్. దట్స్ టర్మరిక్," అంది. "ఇట్ స్టిక్స్ టు ఎవ్రీబడీ. లుక్."

పక్కనున్న పళ్ళెంలో, తలంబ్రాలకని పసుపు కలిపి ఉంచిన తడిబియ్యంలో ఆ పిల్ల రెండు చేతులూ పట్టి ముంచింది. ముంచాలంటే తన కఫులు అడ్డమయ్యాయి. మోచేతుల పైదాకా మడిచి, తన చేతులు కూడా ముంచింది. ఆ తర్వాత మంత్రాలు లేవు, ముహూర్తం లేదు. పెళ్ళివారంతా ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకున్నారు. సిపాయి ఎక్కడో కార్పెట్ మీద బోర్లాపడ్డాడు. ఆ కార్పెట్ మరక గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

సాయంత్రం పక్కింటావిడ ఫోన్ చేసింది. మాట మర్యాదగానే ఉంది గానీ, గొంతులో ముక్కు చిట్లింపు వినపడింది. పిల్ల చేతులు పచ్చబడ్డాయనీ, గౌను కూడా అనీ, సబ్బుకి పోవడం లేదనీ, ఇది పోయే రంగేనా అనీ అడిగింది.

"చేతులది రెండు రోజుల్లో పోతుంది. గౌను ఎండలో ఆరెయ్యండి, తగ్గుతుంది," అన్నాను. బొమ్మ పాదాల సంగతి ఆవిడ అడగలేదు. అప్పటికే నేను సబ్బు, వెనిగర్ అన్నీ ప్రయత్నించి ఉన్నాను. మెత్తటి ప్లాస్టిక్‌లోకి పసుపు దిగితే దిగిందే. ఇప్పటికీ బేస్‌మెంట్ పెట్టెలో, చీర విప్పి విడిగా మడతపెట్టి, తెల్లగుడ్డలో చుట్టి దాచిన ఆ బొమ్మకి నడుము మీద నా అయిదు వేళ్ళు, అరికాళ్ళకి అత్తగారి పసుపు అలాగే ఉన్నాయి. గుడ్డ విప్పితే ఆ వాసన కూడా. అందుకే ఎక్కువగా విప్పను.

సోమవారం పొద్దున బస్సు వచ్చింది. కిటికీలోంచి చూశాను. ఇద్దరూ అరచేతులు పక్కపక్కన పెట్టి ఎవరిది ఎక్కువ పచ్చగా ఉందో పోల్చుకుంటూ మెట్లెక్కారు. మా అమ్మాయి పొట్టిచేతుల చొక్కా వేసుకుంది.